ట్యాంకుకు చెవి ఆనించే పాక్ విరత్మో

మా మెకానిక్ పాక్ విరత్మోకు (మా జావాలో పెద్దవాళ్లను 'పాక్' అంటాం) ఒకటే పిచ్చి. షెడ్డుకు ఏ బండి వచ్చినా ముందు పెట్రోలు ట్యాంకు మూత విప్పి, అక్కడ చెవి ఆనించి, కళ్లు మూసుకుని వింటాడు. బ్రేకులు పట్టడం లేదన్నా అంతే, హారన్ మోగడం లేదన్నా అంతే. ఒకసారి సైకిలు తెచ్చినవాణ్ణి కూడా "ట్యాంకెక్కడ?" అని అడిగాడని మా సలాతిగా ఊరి వ్యాన్ల స్టాండులో చెప్పుకుంటారు. నేను నమ్మను. సైకిలుకు ట్యాంకు ఉండదని ఆయనకు తెలుసు. ట్యూబు విని ఉంటాడు.

లోకంలో ఏది ఆగినా ఊపిరాడకే ఆగుతుందని ఆయన సిద్ధాంతం. మేనల్లుడి పెళ్లిలో వరుడు ప్రమాణం మధ్యలో తడబడితే, ఈయన లేచి వెళ్లి అతని మెడ దగ్గర గుండీ విప్పి వచ్చాడు. మా డ్రైవర్ల సంఘం మీటింగులో హాలుకు ఊపిరాడటం లేదని కిటికీలన్నీ ఒకేసారి తెరిచాడు. పాక్ హర్జాంతో అనే మా అధ్యక్షుడు రాత్రంతా కూర్చుని రాసిన పదిహేడు సర్క్యులర్లు లేచి వీధిలోకి ఎగిరిపోయాయి. రెండు ఎదురుగా టోఫు వేయించే ఆవిడ బాణలిలో పడ్డాయి. సంఘం సర్క్యులర్లు ఎవరి నోటికైనా రుచించడం అదే మొదటిసారి.

నేనూ ఆయన్ని చూసి నవ్వినవాణ్ణే, నా వ్యాను మొరాయించేదాకా. దానికి దాదాపు నా వయసే. కోపెంగ్ కొండ ఎక్కుతూ సరిగ్గా ఒకే మలుపు దగ్గర ఆగిపోయేది. కాసేపు వదిలేస్తే మళ్లీ ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. క్యాబేజీ బుట్టలతో కూర్చున్న ఆడవాళ్లు "కెందర్, నీ బండికి ఆ మలుపులో చుట్టాలున్నారా?" అనేవారు.

అధ్యక్షుడు నన్ను తన బావమరిది గ్యారేజీకి పంపాడు. బావమరిది పంపు మార్చాడు. తర్వాత ఫిల్టరు మార్చాడు. తర్వాత కార్బురేటరు. మలుపు మాత్రం మారలేదు. "ఇక ఇంజను మార్చేద్దాం" అన్నాడు.

"దానికన్నా కొండను మార్చడం చవక" అని చెప్పి విరత్మో దగ్గరికి వెళ్లాను.

ఆయన నా నోట్లోంచి లవంగాల సిగరెట్టు లాగి నా టీ గ్లాసులోనే ముంచాడు. ట్యాంకు దగ్గర నిప్పు ఆయనకు పడదు. తర్వాత కథంతా విని, బండెక్కి నా పక్కన కూర్చున్నాడు. మామూలు మలుపు దగ్గర బండి మామూలుగానే ఆగింది.

"ఇప్పుడు దిగి మూత విప్పు. మెల్లగా."

విప్పాను. స్స్స్... అని ట్యాంకు గాలిని పీల్చుకుంది.

"విన్నావా? లోపల పెట్రోలు తగ్గేకొద్దీ ఆ చోటికి గాలి రావాలి. రాకపోతే ట్యాంకు పెట్రోలును బిగబట్టి కూర్చుంటుంది. పంపు ఎంతని లాగుతుంది, పాపం?"

మూత వదులుగా పెట్టి, చుట్టూ గుడ్డ కట్టి పోనివ్వమన్నాడు. ఒక్కసారి కూడా ఆగకుండా కొండెక్కేశాం. తిరిగొచ్చాక ట్యాంకు నుంచి పైకి వెళ్లే సన్నటి గాలి గొట్టాన్ని వేలితో తడుముకుంటూ చివరిదాకా పోయాడు. ఆ చివర ఏదో పురుగు మట్టితో శుభ్రంగా గూడు కట్టుకుంది. తీగతో పొడిచి తీసేశాడు.

"మూడు సామాన్లు మార్చారు. దీన్నొక్క మాట అడిగితే పోయేది" అన్నాడు.

ఇది తెలిశాక పాక్ హర్జాంతోకు విరత్మో పేరెత్తితే ఒళ్లు మండేది. ఆ మంట చల్లార్చుకోడానికో ఏమో, కొత్త సర్క్యులర్ తీశాడు. ప్రయాణికులతో కొండ మీద పెట్రోలు అయిపోగొట్టుకున్న డ్రైవరుకు మొదటిసారి హెచ్చరిక, రెండోసారి సంఘంలోంచి పేరు కొట్టివేత.

మొదటి హెచ్చరిక పాక్ పర్జన్‌కు వచ్చింది. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ రోడ్డు మీద ఉన్న మనిషి. భార్య ఆస్పత్రిలో ఉంది. పొద్దున్నే గంజి పట్టుకుని అటు పరిగెత్తి, అటునుంచి స్టాండుకు పరిగెత్తుకొచ్చేవాడు. మా వ్యాన్లలో పెట్రోలు మీటరు ముల్లు పనిచేసేది ఒక్కటీ లేదు.

నెల తిరక్కుండానే ఓ మధ్యాహ్నం ఆయన వ్యాను నిండా జనంతో కొండ మీద ఆగింది. వెనకే అధ్యక్షుడి కారు. ఆ వెనక నేను, నా పక్కన విరత్మో.

"మళ్లీ పెట్రోలు అయిపోయిందా?" అన్నాడు హర్జాంతో, జేబులోంచి పెన్ను తీస్తూ.

పర్జన్ నేల చూశాడు.

అప్పటికే విరత్మో మూత విప్పి, చెవి ఆనించి, కళ్లు మూసుకున్నాడు. స్స్స్...

"పెట్రోలు కాదండీ. ట్యాంకుకు ఊపిరాడటం లేదు."

"నన్ను విననీ" అన్నాడు హర్జాంతో. పొట్ట అడ్డొస్తున్నా ఎలాగో వంగి చెవి ఆనించాడు. విరత్మో మర్యాదగా పక్కనే మోకాళ్ల మీద కూర్చుని మొహం అటు తిప్పుకున్నాడు. స్స్స్... మూత విప్పి అయిదు నిమిషాలైనా ఆ ట్యాంకు ఇంకా గాలి పీలుస్తూనే ఉంది.

"ఆఁ, స్పష్టంగా వినబడింది" అన్నాడు అధ్యక్షుడు గంభీరంగా. "నేనూ అదే అనుకున్నాను."

విరత్మో నా వ్యానులోంచి పెట్రోలు డబ్బా తెచ్చి ట్యాంకులో వంచాడు.

"ఇదెందుకు?"

"ట్యాంకు కడుగుతున్నానండీ."

"కడిగింది బయటికి రాదే?"

"ఇది లోపలే ఉండి కడుగుతుందండీ. మీ బావమరిది గారికి తెలిసే ఉంటుంది."

హర్జాంతో తలాడించి, పెన్ను జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ వారమే ఇంకో సర్క్యులర్ వచ్చింది. నెలకోసారి ప్రతి డ్రైవరూ పాక్ విరత్మో చేత ట్యాంకు వినిపించుకోవాలట.

అక్కడ కొండ మీద విరత్మో పర్జన్ చెవిలో చెప్పింది మాత్రం ఇంతే. "రేపట్నుంచి ఆస్పత్రికి గంజి మా ఆవిడ తీసుకెళుతుంది. నువ్వు పొద్దున్నే బంకుకు వెళ్లు."

కొండ దిగుతూ అన్నాను. "పాక్, ఆ రెండు సార్లూ చప్పుడు ట్యాంకులోంచి రాలేదు. మీ పళ్ల సందులోంచి వచ్చింది."

"నీకు తెలిసిపోయిందా?"

"తెలిసింది."

ఆయన వేలితో ముందు పన్ను కదిపి చూసుకున్నాడు.

"ఇది ఊగుతోందిరా కెందర్. ఊడితే ఆ చప్పుడు రాదు. సంఘంలో ఇంకా నలభై మంది డ్రైవర్లున్నారు. ఏదీ, నువ్వోసారి అను చూద్దాం."