నేను చూడని బోర్డు

మాస్టారు పోయారన్న కబురు మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. బుధవారం పొద్దున్న యూసుఫ్‌గూడ నుంచి ఆటోలో వస్తున్నాను. ముందురోజు పంపిన పోస్టర్‌లో హీరోయిన్ పేరు మరీ చిన్నదైపోయిందేమోనని భయపడుతూ ఫోన్ తీస్తే, మా ఆఫీసు నడిపే మేడమ్ పెట్టిన రెండు లైన్లు కనిపించాయి. కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే కుర్చీలో ఒరిగిపోయారట. చదివి నేను వెంటనే ఏడవలేదు. ముందుగా మనసులోకి వచ్చిన మాట బయటపెట్టడానికి సిగ్గుగా ఉంది గానీ పెడతాను. 'అయ్యో, ఇంక ఆయనకి ఎప్పటికీ చెప్పలేను కదా!' అనుకున్నాను. ఏం చెప్పలేకపోయానో మీకైనా చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఫిల్మ్‌నగర్‌లో ఒక సందులో, మేడ మీద ఉంటుంది మా ఆఫీసు. సినిమాలకు పోస్టర్లు, టైటిళ్లు చేస్తాం. మాస్టారు టైటిల్ అక్షరాలు చేత్తో రాసేవారు. కుర్రతనంలో మద్రాసులో నిచ్చెనలెక్కి హోర్డింగుల మీద రాసిన చెయ్యి అది. సినిమావాళ్లతో పాటు ఆయనా హైదరాబాదు వచ్చేశారు. ఇక్కడ కాగితం మీద రాసిస్తే, మా శ్రావణి దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించేది. నేను పోస్టర్ మీద బొమ్మలు, పేర్లు అమరుస్తాను. మా పనిలో భయం జీతంతో పాటే వస్తుంది. ఎవరి పేరు ముందుండాలి, ఎవరిది ఎంత పెద్దదిగా ఉండాలి అన్నదాంట్లో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఫోన్లు మోగుతాయి. అసలే నాకు పుట్టుకతోనే భయం జాస్తి, ఇక అడక్కండి.

సోమవారం నాలుగింటికి టీ దగ్గర మాకో అలవాటు ఉండేది, మాస్టారు పెట్టిందే. ఆదివారం ఏం చూశారో, ఏం ఆడారో, ఎక్కడ ఏ మంచి వస్తువు కంటపడిందో ఒక్కొక్కరూ చెప్పాలి. పని మాట ఎత్తకూడదు. ఫోన్ తీసి ఫోటో చూపించకూడదు. "నోటితో చెప్పండి. విన్నవాడికి కనపడాలి. కనపడలేదంటే మీరు సరిగ్గా చూడలేదన్నమాట" అనేవారు. మాతో పనిచేసే కుర్రాడు నరేశ్ కృష్ణానగర్‌లో క్యారమ్స్ ఆడి, ఎర్ర కాయిన్ ఎలా వేశాడో టీ గ్లాసులు బల్ల మీద పేర్చి చూపించేవాడు. శ్రావణి ఒక వారం తను చూసిన సిరీస్ కథ చెప్పేది, ఇంకో వారం వాళ్లమ్మమ్మ స్టీలు క్యారియర్‌కున్న కొక్కెం గురించి చెప్పేది. మేడమ్‌కు కొత్తగా పికిల్‌బాల్ ఆట పిచ్చి పట్టుకుంది. మాస్టారు ఒకసారి జూబ్లీ హిల్స్‌లో పడగొడుతున్న పాత బంగళా ముందు మధ్యాహ్నమంతా కూర్చొచ్చారు. దాని మెట్ల పక్కనున్న ఇనుప కటకటాల్లో ఒక తీగ కింద నుంచి పై దాకా ఎక్కడా అతుకు లేకుండా పాకిందట. వాచ్‌మన్ కుర్చీ వేసి, "ఎవరి కోసం సార్?" అని అడిగాడట. "ఈ తీగ కోసమేనయ్యా అని చెప్పాను. పాపం, లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చాడు" అని నవ్వారు.

నా వంతు వస్తోందంటే నేను టీ గ్లాసులు కడిగే వంకతో లేచేదాన్ని. నా ఆదివారాలు మంచం మీద ఫోన్ చూసుకోవడంతోనే అయిపోయేవి. శుక్రవారం విడుదలయ్యే పోస్టర్‌లో ఏం తప్పు దొర్లిందో అని వెతుక్కోవడమే నా కాలక్షేపం. అది చెప్తే పని మాట అంటారు. పోయిన చలికాలంలో ఒక సోమవారం చెప్పడానికి ఏమీ లేక, ఆ కంగారులో నోటికొచ్చింది అల్లేశాను.

"షేక్‌పేటలో ఒక టైలర్ బోర్డు చూశాను సార్. పాత ఊరు లోపల. నీలం బోర్డు. అక్షరాలన్నీ ఒకే పసుపు దారంతో రాసినట్టున్నాయి. మొదటి అక్షరం నుంచి చివరిదాకా దారం ఎక్కడా తెగలేదు. ఆఖర్న సూదిలోకి దూరింది."

మాస్టారు గ్లాసు కింద పెట్టేశారు. "తెగలేదా? గుడులు, దీర్ఘాలు వచ్చినచోట చెయ్యి ఎత్తాలి కదమ్మాయ్?"

"ఏమో సార్, తెగినట్టు కనపడలేదు."

"ఎలా రాశాడబ్బా వాడు!" అన్నారు. నా ప్రాణం అప్పుడే జారిపోయింది. అబద్ధం ఆడేవాళ్లు చిన్నది ఆడాలి. నేను అక్షరాలాయన ముందు అక్షరాల గురించే ఆడాను, బుద్ధి లేక.

"ఏ సందు?"

"ఫ్లైఓవర్ దిగాక సార్... పాల బూత్ పక్కన."

ఆ వారమంతా ఆయన ఖాళీ దొరికినప్పుడల్లా పెన్సిల్ ఎత్తకుండా అక్షరాలు రాయడం మొదలుపెట్టారు. బల్ల కింద చెత్తబుట్ట నిండిపోయింది. ఆదివారం మోకాళ్ల నొప్పులతోనే బస్సెక్కి షేక్‌పేట వెళ్లారు. సోమవారం "దొరకలేదమ్మాయ్, మళ్లీ వెళ్తాను" అన్నారు. పై ఆదివారం కూడా వెళ్లారు. అప్పుడే చెప్పేయాల్సింది. "సార్, అది లేదు, ఊరికే అన్నాను" అంటే అయిపోయేది. ఆయన బల్ల దాకా రెండుసార్లు వెళ్లాను. ఒకసారి స్కేలు అడిగి వచ్చాను, ఇంకోసారి టైమెంతయిందని అడిగాను. నా కంప్యూటర్‌లో టైము కనపడుతూనే ఉంది.

నాలుగో సోమవారం ఆయన టీ అందుకుంటూ, "చూశాను" అన్నారు. "నువ్వు చెప్పింది చెప్పినట్టే ఉందమ్మాయ్. సూది మాత్రం నువ్వు చెప్పినదానికన్నా కాస్త పొడుగు."

నరేశ్ చప్పట్లు కొట్టాడు. నేను మాస్టారి ముఖంలోకి చూడలేక ఆయన చేతులు చూశాను. గోళ్ల సందుల్లో నీలం రంగు ఉంది. ఎక్కడో రంగు ఆరని గేటుకు ఆనుకుని ఉంటారు అనుకున్నాను. నాకప్పుడు వేరే దేనికీ బుర్ర పనిచేయలేదు. ఒకటే అర్థమైంది. నేను చెప్పింది అబద్ధమని ఆయన కనిపెట్టారు. నలుగురిలో నా పరువు పోకుండా, ఆయన కూడా అబద్ధమాడారు. జీవితంలో ఒక్క గీత దొంగగా గీయని మనిషి చేత నేను అబద్ధమాడించాను.

ఆ తరువాత నేను ఆదివారాలు నిజంగానే బయటికి వెళ్లాను. వడ్రంగి దగ్గర బొంగరం చూశాను. ఒక ఆటో వెనక ఎవరో గీసిన పావురం చూశాను. పిన్నితో కూర్చుని క్రోషే లేసు అల్లడం నేర్చుకున్నాను. ప్రతి సోమవారం చెప్పాను. "ఇప్పుడు నీ మాటలో కనపడుతోంది" అన్నారు ఒకసారి. ఆ 'ఇప్పుడు' అన్న మాటను నేను వారం రోజులు నమిలాను. పొడిచారా, మెచ్చుకున్నారా? ఆయన ముఖంలో వెటకారం ఎప్పుడూ ఉండేది కాదు. భయస్తులకు అది చాలదు లెండి. రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకుంటూ ఎండాకాలం దాకా నెట్టుకొచ్చాను. ఇంతలో ఆ బుధవారం వచ్చింది.

మరుసటి సోమవారం నాలుగింటికి అందరం అలవాటుగా బల్ల చుట్టూ చేరాం. ఆయన కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. మేడమ్ అన్నారు, "పెద్దకర్మ అయ్యాక ఇక్కడే చిన్న సభ పెట్టుకుందాం. మాస్టారికి బాగా ఇష్టమైంది ఒకటి ఫ్రేము కట్టించి ఆ గోడకి పెడదాం. ఏం పెడదాం?"

నరేశ్ వెంటనే, "ఇంకేముంది మేడమ్, అక్క చెప్పిన టైలర్ బోర్డ్! సార్ మస్తు ఖుషీ అయిండు గా బోర్డ్ చూసి. నాకు ఎన్నిసార్లు చెప్పిండో" అన్నాడు. నావైపు తిరిగి, "అక్కా, సందు నీకు ఎరుకే కదా. శనివారం లోపల ఫోటో తీస్కరా" అన్నాడు.

సరేనన్నాను. ఇంకేమనగలను? ఆ నాలుగు రోజులు అన్నం సహించలేదు. బోర్డు తీసేశారని చెప్దామా అనుకున్నాను. అది ఇంకో అబద్ధం. లేదని చెప్తే నా పరువు పోతుంది, అది పోతే పోనీ. కానీ 'చూశాను' అని నలుగురి ముందు చెప్పిన మాస్టారు? చనిపోయిన మనిషి మాట అబద్ధమని, ఆయనకు సభ పెట్టినచోటే నేను నిరూపించాలా? ఆయన బల్ల మీద ఇంకా పెన్సిల్ పొట్టు ఉంది. దాన్ని తుడవడానికి మాలో ఎవరికీ చేతులు రాలేదు.

శనివారం మధ్యాహ్నం షేక్‌పేట వెళ్లాను. ఎందుకంటే చెప్పలేను. "వెళ్లాను, దొరకలేదు" అనే మాటైనా నిజం కావాలనుకున్నానేమో. ఫ్లైఓవర్ దిగి పాత ఊళ్లోకి నడిచాను. పాల బూత్ ఒకటి నిజంగానే ఉంది. దాని పక్కన సందూ ఉంది. సందులో మూడో కొట్టు టైలర్‌ది.

నీలం బోర్డు. పసుపు దారం. మొదటి అక్షరం దగ్గర మొదలై గుడి తిరిగి, దీర్ఘం దగ్గర మెలిక పడి, ఎక్కడా తెగకుండా చివర సూదిలోకి దూరింది. సూది కాస్త పొడుగు.

బోర్డు కిందే ఆగి, ఆ దారాన్ని మళ్లీ మొదటి అక్షరం నుంచి చూసుకుంటూ వచ్చాను. నడివయసు టైలరు మెడలో టేపుతో బయటికొచ్చి, "బ్లౌజ్ ఇస్తరా అమ్మా?" అన్నాడు.

"ఈ బోర్డు... ఎవరు రాశారు?"

"గిదా? పెద్దసారు. చలికాలంల గీ సందులన్నీ తిరిగిండు, సూదీ దారం బోర్డు ఏడుంది అనుకుంట. గసొంటిది ఈడ లేదు సార్ అన్న. జరసేపు గీ స్టూల్ మీదనే కూసున్నడు. చాయ్ తాగిండు. 'లేకపోతే ఏమాయె, నీకు రాస్త, రాయనిస్తవా?' అన్నడు. రెండు ఆదివారాలు గీన్నే కూసొని రాసిండు. నడుమ లేస్తలేకుండె. చేయి లేపితే దారం తెగుతదంట!" అని నవ్వాడు.

అతనే మళ్లీ అన్నాడు. "మస్తు మంది మెచ్చుకుంటరు. సార్‌కు గదే చెప్పిన. 'నాది కాదు భాయ్, మా ఆఫీసుల ఒక పిల్ల ముందుగాల చూసింది. నేను రాసిన, అంతే' అన్నడు."

స్టూలు మీద కూర్చుండిపోయి ఏడ్చాను. పది రోజులుగా రాని ఏడుపంతా అక్కడొచ్చింది. మాస్టారు అబద్ధమాడలేదు. చూశానన్న రోజుకి ఆయన నిజంగా చూశారు. నేను చెప్పింది అబద్ధంగా మిగిలిపోకుండా, మోకాళ్ల నొప్పులతో రెండు ఆదివారాలు ఇక్కడ కూర్చుని దాన్ని నిజం చేశారు. నన్ను ఒక్క మాట అడగలేదు. నేనేమో ఆ మనిషి గోళ్లలో రంగు చూసి కూడా గేటు అనుకున్నాను.

టైలరు నీళ్లు తెచ్చిచ్చి అడిగాడు. "ఆ పిల్ల మీరేనా అమ్మా?"

తలూపాను.

"సార్ మంచిగున్నడా? వానలకు ముందుగాల వచ్చి ఇంకో పూత వార్నిష్ వేస్త అన్నడు. మబ్బులు గూడ మొదలైనయ్. ఎప్పుడొస్తడు?"

ఆయన పోయారన్న మాట నా నోటితో చెప్పడం అదే మొదటిసారి. అతను మెడలో టేపు తీసి మిషను మీద పెట్టి, కొట్టు షట్టరు సగం దించాడు.

సోమవారం సభలో నేను ఫోటో చూపించలేదు. మాస్టారి పద్ధతి ప్రకారం నోటితోనే చెప్పాను. లేని బోర్డు చెప్పిన సంగతి, ఆయన వెతికిన సంగతి, రాసిన సంగతి, అన్నీ చెప్పాను. నరేశ్ లేచి బయటికెళ్లి, కళ్లు కడుక్కుని వచ్చాడు. ఫ్రేములో ఏం పెట్టాలో మేడమే తేల్చారు. చెత్తబుట్టలో పారేయకుండా శ్రావణి దాచిన కాగితం ఒకటుంది, పెన్సిల్ ఎత్తకుండా మాస్టారు రాసింది. అందులో దారం మూడు చోట్ల తెగింది.

నిన్న ఆదివారం వార్నిష్ డబ్బా, వెడల్పు కుంచె తీసుకుని షేక్‌పేట వెళ్లాను. టైలరు స్టూలు పట్టుకున్నాడు, నేనెక్కాను. నాకు ఎత్తంటే కూడా భయమే. పైన మబ్బు పట్టింది, ఏ క్షణాన చినుకు పడుతుందో తెలియదు. మొదటి అక్షరం మీద కుంచె ఆనించి, ఆ పసుపు దారం వెంట మెల్లగా జరుపుకుంటూ పోయాను. "మెల్లగమ్మా, నేన్ పట్టుకున్న" అంటున్నాడు కింద నుంచి టైలరు. సూది దాకా చెయ్యి ఎత్తలేదు.