పాతది, బరువైనది

మా అబ్బాయి పెళ్ళాడబోయే అమ్మాయిది న్యూజిలాండ్, మావోరీ కుటుంబం. వాళ్ళిద్దరూ ఇక్కడే అమెరికాలో, మోరిస్‌విల్‌లో ఉద్యోగాలు చేస్తారు, మేం ఉండేది ప్లెయిన్స్‌బరోలో. ఆ పిల్ల అమ్మమ్మ మనవరాలి దగ్గరికి వస్తూ మా ఇంటికి కూడా వస్తానన్నారని తెలిసినప్పట్నుంచీ ఆవిడ భాషలో నాలుగు మాటలైనా మాట్లాడాలని నాకు ఆరాటం. ఆదివారాలు వీడియో కాల్‌లో ఆ పిల్లే మాకు పాఠం చెప్పేది.

మాకు అంటే నాకూ, మా ఆయనకీ. ఆయనకి రానిది ఈ లోకంలో లేదు కదా, పక్కన కూర్చోకపోతే ఎలా? మావోరీలో వస్తువు పేరు ముందొస్తుంది, అది ఎలాంటిదో తరవాత చెప్తారు. "వీళ్ళకి అన్నీ రివర్సే," అని తీర్పిచ్చేశారు.

ఒక ఆదివారం ఇంట్లో వస్తువులు చూపించి వర్ణించమంది. మా ఆయన ఫోన్ పట్టుకుని ఊరేగారు. హాల్లో తన టీవీ దగ్గర ఆగి "నుయి! హోఉ!" అన్నారు. పెద్దదీ, కొత్తదీ అని. కారుకీ అవే బిరుదులు. వంటింట్లోకి వచ్చేసరికి గొంతు మారింది. నా రోలు చూపించి, ముక్కు చిట్లించి, "తఫితో, తౌమహ" అన్నారు. పాతది, బరువైనది.

అది మా అమ్మమ్మ రోలు, ఆ పిల్లకీ అదే చెప్పాను. అల్లం వెల్లుల్లి దంచుకునేపాటి చిన్నది. ఇండియా నుంచి వచ్చేటప్పుడు హ్యాండ్ బ్యాగేజీలో చీరలు తీసేసి తెచ్చుకున్నాను. దాన్ని కోడలికి ఇవ్వాలని నా కోరిక.

"మిక్సీ ఉండగా ఆ పిల్ల చేతిలో బండరాయి పెడతావా? వాళ్ళ ముందు మన పరువేం కాను? ఆవిడ వచ్చేలోపు డొనేట్ చేసేస్తా," అని గరాజ్‌లో పాతబట్టల పెట్టెలో పడేశారు. నేను తెచ్చి మళ్ళీ గట్టు మీద పెట్టాను. ఆయన మళ్ళీ పడేశారు. నేను మళ్ళీ తెచ్చాను. ఇంత చదువుకున్న మనిషికి అంతకంటే పని దొరకలేదు.

ఎవరైనా మన వస్తువుని మెచ్చుకుంటే వెంటనే దాన్ని తక్కువ చేసి చెప్పడం మనవాళ్ళ మర్యాద. చీర బాగుందంటే "ఆఁ, ఏదో సేల్‌లో కొన్నాను" అంటాం. మా ఆయన ఆ మర్యాదంతా నా సామాను మీదే చూపిస్తారు. ఆయన టీవీని ఏనాడూ తక్కువ చేసి చెప్పిన పాపాన పోలేదు.

ఆవిడ వచ్చారు. తెల్లజుట్టు ముడేసుకుని, నెమ్మదిగా నడిచే మనిషి. మనవరాలి చెయ్యి పట్టుకుని నేరుగా నా వంటింట్లోకే వచ్చి, రోలు ముందు ఆగిపోయారు. మా ఆయన కంగారుగా అడ్డుపడి, క్షమించమన్నట్టు చేతులు నలుపుకుంటూ, నేర్చుకున్న విద్య బయటపెట్టారు. "తఫితో... తౌమహ..."

ఆవిడ ఆ రెండు మాటలే ప్రశ్నలాగా తిరిగి అన్నారు. ఈయన గట్టిగా తలూపారు. అప్పుడావిడ రెండు అరచేతులూ రోలు మీద ఆనించి, కళ్ళు మూసుకుని ఏదో గొణిగారు.

ఆ పిల్ల ఇంగ్లీషులో చెప్పింది: "అంకుల్, మా అమ్మమ్మకి చాలా సంతోషంగా ఉంది. పెద్దల చేతుల్లోంచి వచ్చిన రాయిని పాతది, బరువైనది అంటే మా ఇంట్లో అంతకంటే పొగడ్త లేదు. సముద్రం దాటించి ఎవరు తెచ్చారని అడుగుతోంది."

"నేనే," అన్నాను.

మా ఆయన ఊరుకుంటారా? ఆవిణ్ణి హాల్లోకి తీసుకెళ్ళి టీవీ చూపించారు. "నుయి! హోఉ!" ఆవిడ దాని వంక ఒక్కసారి చూసి, "హోఉ," అని మర్యాదగా ఒప్పుకుని, మళ్ళీ వంటింట్లోకి వచ్చేశారు. నాకు కలిగిన ఆనందాన్ని దాచుకోను. కడుపు నిండిపోయింది.

ఆవిడ ఎదుటే రోలు ఆ పిల్ల చేతుల్లో పెట్టాను. పెళ్ళయ్యాక పట్టుకెళ్తానంది.

తరవాతి వారం మా ఆయన స్నేహితులు భోజనానికి వచ్చారు. వంటింట్లోకి రమ్మని పిలిచి, "మా వంశపు రోలు చూడండి. యాంటిక్ పీస్! ఎంత కష్టపడి తెచ్చామో," అంటూ ఎత్తి చూపించడానికి చెయ్యి చాపారు.

"ముట్టుకోకండి," అన్నాను అందరి ముందూ. "పాతది, బరువైనది. అది కోడలిది."