పోలీసక్క మరిచిన ఒక్క లైను

ఆసుపత్రి కంప్యూటర్ గదిలో అందరూ ఆమెను పోలీసక్క అంటారు. కౌంటర్‌లో రోగి వివరాలు కొట్టగానే వాటిని తనిఖీ చేసే నియమాలను పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాయడం ఆవిడ పని. మామూలు తనిఖీలు బయటి నుంచి తెచ్చిపెట్టుకున్న లైబ్రరీయే, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన కోడే, చూసుకుంటుంది. ఆసుపత్రికే ప్రత్యేకమైనవి మాత్రం ఆవిడ సొంతంగా రాయాలి. వయసు గడిలో ఫోన్ నంబరు కొట్టినవాడికి ఆవిడ ప్రోగ్రాం చీవాట్లు పెట్టినంత పని చేస్తుంది. ఇంట్లోనూ అంతే. కూరలో ఉప్పెక్కువైతే మొగుడి పని పట్టేస్తుంది గానీ, చక్కగా కుదిరిన రోజు మాట్లాడకుండా తిని లేచిపోతుంది.

ఆ ఉదయం కొత్త నియమం ఒకటి పెట్టింది. రోగికి పడని మందు అంటూ లేనిపోని పేరేదైనా కొడితే వెనక్కి తిప్పికొట్టాలి. పిచ్చి పేర్లు కొట్టి చూసింది, అన్నీ ఆగాయి. సాయంత్రం ధీమాగా టీకి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి వార్డు నుంచి చిన్న నర్సు ఫోన్.

"అక్కా, పడని మందుల గడి పొద్దుట్నుంచీ అందరికీ ఖాళీగానే వస్తోంది. ఒక్కరికైనా పడని మందు ఉండదా?"

కోడ్ తెరిచి చూసుకుంది. అంతటి పోలీసక్కా పప్పులో కాలేసింది. ఇలాంటి నియమం తన చేతికొచ్చిన మాటను చూసి, బాగుంటే మళ్లీ తిరిగివ్వాలి. ఆ తిరిగిచ్చే లైనే రాయలేదు, అందుకే గడిలో ఖాళీయే మిగిలింది. తప్పుడు పేర్లను గుమ్మంలోనే ఆపింది, సరైన పేర్లను లోపలికి పిలిచి మాయం చేసింది. దొంగలు ఆగారా అని చూసుకుందే గానీ, మంచివాళ్లు ఇల్లు చేరారా అని చూడలేదు.

"ఇంజెక్షన్లన్నీ ఆపించమ్మా! అందర్నీ మళ్లీ నోటితో అడగాలి. నేనూ వస్తున్నా."

లైను చేర్చి పరుగున మెట్లెక్కింది. సిగ్గుగా ఉంది, అంతకంటే భయంగా ఉంది. నర్సూ తనూ మంచం మంచానికీ వెళ్లి అడిగారు. చివరి మంచం మీద ఆపరేషన్ అయిన ముసలావిడ, ఇంకా మత్తులోనే ఉంది. పక్కన ట్రేలో ఇంజెక్షన్ సిద్ధంగా ఉంది. కూతురు కాళ్ల దగ్గర కూర్చుంది.

"మీ అమ్మగారికి పడని మందులేమైనా ఉన్నాయా అమ్మా?" అడిగింది పోలీసక్క.

కూతురు విసుక్కుంది. "పొద్దున్నే చెప్పాం కదండీ! పెన్సిలిన్ పడదని ఒకటికి రెండుసార్లు చెప్పాం. మీ కంప్యూటర్ సరేనంది కూడా."

నర్సు వెంటనే ట్రే వెనక్కి లాగేసింది. అందులో ఉన్నది ఆ మందే.

తప్పును కౌంటర్ వాళ్ల మీదికి నెట్టేయడం పోలీసక్కకు క్షణం పని.

"చెప్పారమ్మా. మీరు సరిగ్గానే చెప్పారు. పోగొట్టింది నేనే" అంది.

కూతురు ఆ ట్రే వంక చూసి, తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది.