మగవాళ్ల వరుసలోంచి జవాబు

మొన్న మా అమ్మాయి పడీ పడీ నవ్వుతూ ఫోన్ నా చేతిలో పెట్టింది. ఆలుమగలు ఎలా మాట్లాడుకోవాలో నేర్పే పాతకాలపు దొరల సినిమా, దాని మీద ఎవడో కుర్రాడి వెటకారం. "బాగుందా అమ్మా?" అంది. ఏం బాగు, నా మొహం! ఇలాంటి సినిమాకే చిన్నప్పుడు మా చర్చిలో పడినన్ని మాటలు వాడు జన్మలో అనలేడు.

జిన్నారం దగ్గర, ఫ్యాక్టరీల పక్కన ఉండేది మా చర్చి. ఎడమ చాపల మీద మగవాళ్లు, కుడి చాపల మీద ఆడవాళ్లు. కొత్తగా పెళ్లయినవాళ్లయినా అంతే. ఎండాకాలం ఆదివారం, ఆరాధన అయ్యాక, కిటికీలకు దుప్పట్లు కట్టి, గోడకు తెల్ల పంచె బిగించి సినిమా వేస్తే, వాడిన మల్లెపూలూ, డ్యూటీ దిగి వచ్చిన చొక్కాల్లోంచి ఎన్ని ఉతుకులకూ పోని ఫ్యాక్టరీ మందుల వాసనా, బయట పొయ్యి మీది బగారన్నం ఘుమఘుమా అన్నీ కలిసి ఆ చీకట్లో ఉక్కిరిబిక్కిరి చేసేవి.

ఆ ఆదివారం నాకు మాత్రం బగారా మీద కూడా మనసు లేదు. అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న కుట్టుమిషన్‌ను నాన్న ఆమెను అడక్కుండా బొంతపల్లిలో ఉన్న మా మేనత్తకు ఇచ్చేశాడు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. "మీ నాయనను తినమను" అని ఆమె, "తిన్ననని చెప్పు" అని ఆయన, మధ్యలో నేను. మర్నాడే జహీరాబాద్‌లోని పుట్టింటికి పోతానని అమ్మ బట్టలు కూడా సర్దేసింది. పోతే మళ్లీ రాదేమోనని నాకు ఒకటే భయం.

గోడ మీద, తెలుగు గొంతు అతికించిన టై దొర "ప్రియా, నీ హృదయమును విప్పుము" అంటున్నాడు. "దినదినము ఎదురెదురుగా కూర్చుండి మాటలాడుకొనుడి" అని కళ్లద్దాల పెద్దమనిషి బోధించగానే మా శాంతమ్మ పెద్దమ్మ అందుకుంది: "కూసుంటే బువ్వ ఎవరొండాలె, నువ్వొండుతవా?" జనం గొల్లుమన్నారు. "ఇంట్ల గూడ టై ఏంది బై!" అని మగవాళ్ల వైపు నుంచి ఇంకొకరు.

ఇంతలో ఆ దొర భార్యకు చెప్పకుండా ఆమె పియానో అమ్మేశాడు. ఆమె ఏడుపు.

"అడగొద్దా ఆమెను?" అని నా పక్కనుంచే ఒక గొంతు. అయ్యో, మా అమ్మ!

అటువైపు చీకట్లోంచి నాన్న ఆ దొరను కసిరాడు: "తప్పైందను తమ్మీ, జెర నోరు తెరువు. ఆమె పోతది."

"తప్పైందంటే అయిపాయెనా? ముందుగాల మిషిన్ తెమ్మను!" అంది అమ్మ.

"మిషిన్ యాడిదే? గది పియానో గదా!" అంది పెద్దమ్మ.

 అప్పుడు అందరికీ సంగతి అర్థమై చర్చి దద్దరిల్లింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది, నవ్వుతూనే ఏడ్చేసింది. నాన్న సినిమా అయ్యేదాకా ఆగలేదు, సైకిలెక్కాడు. పొద్దుగూకేసరికి మిషన్‌ను క్యారియర్‌కు తాళ్లతో కట్టి నడిపించుకుంటూ తెచ్చాడు. అమ్మ నా వైపు చూడలేదు. ఆయన మొహంలోకే చూసి, "కాళ్లు కడుక్కోండ్రి, బువ్వ పెడత" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇప్పుడు ఆ చర్చికి టైల్సూ ఏసీ వచ్చాయి; ఆలుమగలు పక్కపక్కనే కూర్చుంటారు, ఎవరూ నోరు చేసుకోరు. మంచిదే. పోయిన వారం మా ఆయనకూ నాకూ మాట పట్టింపు వచ్చింది. బీరంగూడ ఫ్లాట్‌లో తలుపులు వేసుకుని ఎదురెదురుగా కూర్చున్నాం. చదువుకున్నవాళ్లం కదా, ఇద్దరం మర్యాదగా తప్పు ఒప్పుకున్నాం. అయినా ఎవరి మనసూ కరగలేదు. మా మాటలకు అడ్డొచ్చి నవ్వడానికి అక్కడ ఒక్క మనిషీ లేడు.