పోగు లేవని చెయ్యి

ఆ రోజుల్లో చలికాలం నాకు అందరికంటే ముందు వేళ్ల సందుల్లో తెలిసేది. మిగతా ఊరు స్వెట్టర్లు తొడిగి, మంకీ టోపీలు పెట్టి, రోడ్డు పక్క మంట వేసుకుని ముచ్చట్లు పెట్టుకునేది. నాకు మాత్రం ఒక ప్లాస్టిక్ బకెట్, ఒక పాత బనీను గుడ్డ, నాకు రెండింతలు ఎత్తున్న అద్దం. వరంగల్ బజారులో ఒక పెద్ద చీరల దుకాణంలో పనికి కుదిరానని చెబితే, మా వాడకట్టు ఆడవాళ్లంతా నేను పొద్దున్నుంచి రాత్రిదాకా పట్టుచీరల మధ్య కూర్చుంటున్నానని అనుకునేవాళ్లు. (వాళ్ల ఊహను చెడగొట్టడం నాకెందుకని నేనూ ఊరుకునేదాన్ని.) నిజానికి నేను పట్టుచీరను అద్దం ఇవతలి నుంచే చూసేదాన్ని. లోపల బొమ్మ పెళ్లికూతురు ఎర్రచీర కట్టుకుని నవ్వుతూ ఉండేది, బయట నేను చన్నీళ్లలో గుడ్డ పిండుతూ దాని మొహం తుడుస్తుండేదాన్ని. ఒక్కరోజు కూడా దాని నవ్వు తగ్గలేదు. నాకు దాని మీద ఎంత కోపంగా ఉండేదో చెప్పలేను.

నాన్న పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఇంట్లో అమ్మా నేనూ ఇద్దరమే. ఒకరి ముందు ఒకరం ఏడవకూడదని పట్టుబట్టి, అసలు మాట్లాడుకోవడమే తగ్గించేశాం. అమ్మ ఎనుమాముల మార్కెట్లో మిర్చి కుప్పల దగ్గర కూర్చుని, ఎర్రకాయల్లోంచి రంగుపోయిన తాలుకాయ ఏరే పనికి పోయేది. సాయంత్రం ఆమె గడపలో అడుగుపెడితే ముందు నాకు తుమ్ము వచ్చేది, తర్వాత అమ్మ కనబడేది. చీర కొంగులో, జుట్టులో, ఆఖరికి సంచిలోని టిఫిన్ డబ్బా మూత మీద కూడా మిర్చి ఘాటే. "నీ చేతులు మండయా అమ్మా" అని చిన్నప్పుడు అడిగితే, "నా చేతులకు మంట తెల్వదు బిడ్డా" అనేది. అమ్మల చేతులు అట్లాగే ఉంటాయి కాబోలని నేనూ అనుకునేదాన్ని. ఒక్క విషయంలో మాత్రం ఆమె గట్టిగా ఉండేది. "నేను బతికున్నంత సేపు నువ్వు మిర్చిల కూసోవద్దు" అని. అందుకే నన్ను ఆ దుకాణంలో పెట్టించింది.

మా దుకాణంలో పట్టు సెక్షన్‌కు ఒక పెద్దావిడ ఉండేది. అందరం పట్టు పెద్దమ్మ అనేవాళ్లం. సేటు ఆస్తి, సేటు దుకాణం, కానీ పట్టుచీర ఎవరు ముట్టుకోవాలన్నది మాత్రం ఆమె ఇష్టం. ఆమె దగ్గర ఒక పరీక్ష ఉండేది. చిన్న పట్టుముక్కను మన అరచేతిలో వేసి, వేళ్ల మీదుగా మెల్లగా లాగేది. చెయ్యి మెత్తగా ఉంటే ముక్క జారిపోయేది. ఎక్కడైనా పగులో, గరుకో ఉంటే పోగు దానికి పట్టుకుని లేచేది. "పోగు లేచింది" అని ఆమె అన్నదంటే ఇక అప్పీలు లేదు. ఎవరి పెళ్లిచీరనో మన చెయ్యి పాడుచేస్తుందని అర్థం. కార్తీకంలో నా చెయ్యి చూసి, పట్టుముక్కను సగం కూడా లాగకుండానే వదిలేసింది. "ఇది చెయ్యా, కొబ్బరి పీచా" అని అడిగింది కూడా. సేటు పక్కనే ఉండి తీర్పు చెప్పాడు. "మాఘమాసం పెండ్లిళ్లకు పట్టుకాడ ఒక పిల్ల కావాలె. పుష్యం ఎల్లెలోపు నీ చెయ్యి పాసయితె ఉంటవ్. లేకుంటె సీజన్ అయినంక నాకు మనిషి అవసరం లేదమ్మా." అంటే అక్కడ పాస్ కాకపోతే నాకు మిగిలింది అమ్మ పక్కన, మిర్చి కుప్ప ముందు చోటే.

ఇందులో మెలిక మీకు తెలిసే ఉంటుంది. దుకాణంలో ఉండాలంటే రోజూ చన్నీళ్లతో అద్దాలు తుడవాలి, అద్దాలు తుడిస్తే చేతులు పగులుతాయి, పగిలితే దుకాణంలో ఉండనియ్యరు. ఈ మెలికలోంచి బయటపడడానికి నేను చేయని ప్రయత్నం లేదు. ముందు చీరల కవర్లు చేతులకు తొడుక్కుని, మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండ్లు వేశాను. పై అద్దం తుడవాలంటే చేతులెత్తాలి కదా, ఎత్తగానే నీళ్లు గుడ్డలోంచి మణికట్టు మీదికి కారి, రబ్బరు బ్యాండు సందులోంచి చక్కగా లోపలికి పోయాయి. కిందికి దించేసరికి నా చేతులు రెండు నీళ్ల ప్యాకెట్లలో ఉన్నాయి. తర్వాత పక్క చాయ్ హోటల్లో వేడినీళ్లు అడిగి తెచ్చాను. బకెట్లో ముంచినప్పుడు ప్రాణం లేచి వచ్చేది, తీయగానే గాలి తగిలి రెండింతలు చలేసేది, మధ్యాహ్నానికి కొత్త పగుళ్లు. ఆ తర్వాత కొబ్బరినూనె. అది సీసాలోనే గడ్డకట్టి ఉంటే వేలితో తవ్వి, మోచేతుల దాకా దట్టంగా పట్టించుకుని పనిలోకి దిగాను. ఆ రోజు సేటు వచ్చి, రోడ్డు మీద నిలబడి, దుకాణం వైపు చాలాసేపు చూశాడు. కళ్లజోడు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నాడు, మళ్లీ చూశాడు. "ఇయ్యాల మంచు ఇంక పోలేదేందే" అన్నాడు. మంచు ఎప్పుడో పోయింది. అది నా కొబ్బరినూనె. బొమ్మ పెళ్లికూతురు ఆ మసకలోంచి కూడా నవ్వుతూనే ఉంది.

పుష్యం ఆఖరుకొచ్చింది. పెద్దమ్మ "రేపు సూస్త నీ చెయ్యి" అన్న రోజు నాకు అన్నం సయించలేదు. అమ్మ ఏమీ అడగలేదు గానీ, నేను పగుళ్లు వత్తుకుంటుంటే దీపం వెలుగులో చూసినట్టుంది. తెల్లారి బయల్దేరుతుంటే ఒక జత రబ్బరు గ్లౌజులు నా చేతిలో పెట్టింది. మిర్చి మార్కెట్ యార్డులో ఎవరో ఇచ్చినవట. ఆమెకున్నది ఆ ఒక్క జతే. "రెండుసార్లు సబ్బు పెట్టి కడిగిన. ఆరినయ్ గూడ. జర ఇయ్యాలన్న చేతులు వెచ్చగుంచుకో" అన్నది. నాన్న పోయాక ఆమె అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది. ఏడవకూడదు కాబట్టి చెప్పులు వెతుక్కున్నట్టు తల దించేసుకున్నాను.

ఆ పొద్దున మంచు నిజంగానే దట్టంగా ఉంది. ఆటోలు లైట్లు వేసుకుని తిరుగుతున్నాయి. గ్లౌజులు తొడుక్కుని గుడ్డ ముంచాను. చుక్క నీరు లోపలికి రాలేదు. కాసేపటికి వేళ్లకు వెచ్చదనం తగిలింది. ఇన్నాళ్లూ ఇవి లేకనే కదా ఇన్ని తిప్పలు పడ్డానని అమ్మను తలచుకుని మురిసిపోయాను. ఇంకాసేపటికి వెచ్చదనం పెరిగింది. సరుకు మంచిదని అనుకున్నాను. (ఎంత తెలివితక్కువదాన్నో చూడండి, రబ్బరు దానంతటదే వేడెక్కుతుందని నమ్మాను.) కింది అద్దం దగ్గరికి వచ్చేసరికి చేతులు రెండూ పొయ్యిలో పెట్టినట్టయింది. అమ్మ రెండుసార్లు కడిగిన మాట నిజమే, కడిగింది పైపైన. లోపల వేళ్లలో ఎన్ని రోజుల మిర్చి పొడి ఉందో, నా పగుళ్లలో అంతా దిగింది. గ్లౌజులు పీకి చేతులు బకెట్లో ముంచాను. మంట తగ్గలేదు సరికదా, ఎక్కిళ్లు కూడా మొదలయ్యాయి. సరిగ్గా అప్పుడే పట్టు పెద్దమ్మ ఆటో దిగింది.

"దా, బోణీ కాకముందే సూస్త" అని నన్ను లోపలికి తీసుకుపోయి, నా అరచెయ్యి పట్టుకుని బొటనవేలితో నాలుగువైపులా గట్టిగా రుద్ది చూసింది. ఉడికిన బీట్‌రూట్‌లా ఉంది నా చెయ్యి. పట్టుముక్క వేసి లాగింది. లేచింది. ఒకటి కాదు, రెండు మూడు పోగులు. పెద్దమ్మ నిట్టూర్చి, "ఏం జేయాలె బిడ్డా" అంటూ అదే బొటనవేలితో కన్ను నలుపుకుంది.  ఒక కన్ను మండితే కంగారులో రెండో కన్ను కూడా నలుపుకుంది. సేటు లోపలికి వచ్చేసరికి, ఒక పెద్దావిడ నా చెయ్యి వదలకుండా కళ్లు మూసుకుని ధారగా కన్నీళ్లు కారుస్తోంది, నేను ఎక్కిళ్లు పెడుతూ ఏడుస్తున్నాను.

సేటు అక్కడే ఆగిపోయాడు. "ఏంది పెద్దమ్మా, నువ్వు ఏడుస్తానవా" అన్నాడు. పెద్దమ్మ కాదని చెయ్యి ఊపింది. వాళ్లాయన పోయినప్పుడు కూడా మూడోరోజుకే పనిలోకి వచ్చిన మనిషని దుకాణంలో చెప్పుకునేవాళ్లు. సేటు గొంతు తగ్గించి, "నీ అసొంటి మనిషే గింత బాధపడుతుందంటె నేనేం రాయినా? పిల్లను పట్టుకాడ నిలవెట్టు. ఇగ ఏడ్వకుండ్రి, పెండ్లోళ్లు వస్తాండ్రు" అన్నాడు. పెద్దమ్మ నోరు తెరిచింది గానీ దగ్గు తప్ప మాట రాలేదు.

పరకాల దిక్కు నుంచి పెళ్లివాళ్లు నిజంగానే వచ్చేశారు. పెద్దమ్మకు కళ్లు తెరుచుకోవడం లేదు. నా అరచేతుల నిండా మిర్చి, ఆ చేతులతో పట్టు ముట్టుకుంటే పెళ్లికూతురు పీటల మీదే తుమ్ముతుంది. సేటు "చూపెట్టు, చూపెట్టు" అంటున్నాడు. ఏం చేయాలో తోచక, రెండు పిడికిళ్లూ బిగించి, మోచేతులకు ఇవతలి భాగంతో చీరను ఎత్తి, ముంజేతుల మీదే మడతలు దొర్లించాను. కొబ్బరినూనె మహిమో ఏమో, ముంజేతులు నున్నగానే ఉన్నాయి. ఒక్క పోగు లేవలేదు. పెళ్లికూతురి మేనత్త, "అయ్యో, చీరను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుంటాంది సూడు, ఎంత పైలమో" అని మురిసిపోయి, అదే చీర ఖాయం చేసింది. నా కళ్లలో నీళ్లు చూసి, పెళ్లంటే నాకంత ఇష్టమనుకుంది కూడా.

వాళ్లు పోయాక పెద్దమ్మ కళ్లు కడుక్కుని వచ్చి, నా చెయ్యి వాసన చూసింది. "మీ అమ్మ ఏడ పనిచేస్తది?" అని అడిగింది. చెప్పాను. గ్లౌజుల సంగతీ చెప్పాను. పెద్దమ్మ తన పెరుగన్నం డబ్బాలోంచి పెరుగు తీసి నా అరచేతులకు రాసింది. "చేతులు ఫెయిలే. ముంజేతులు పాసయినయ్. పో, ఉండు" అన్నది. మళ్లీ నేను పోతుంటే వెనక్కి పిలిచింది. "మీ అమ్మకు చెప్పకే. పాపం, రెండుసార్లు కడిగిందంటివి."

సాయంత్రం అమ్మ గడపలోకి రాగానే చెప్పులు విడవకముందే అడిగింది. "చేతులు వెచ్చగున్నయా బిడ్డా?" మస్తు వెచ్చగున్నయే అమ్మా అన్నాను. పట్టు సెక్షన్‌లో నిలబెట్టారని చెప్పి, ఇంక నాకు అక్కర్లేదు, నువ్వే తొడుక్కో అని గ్లౌజులు ఇవ్వబోయాను. తీసుకోలేదు. "ఇప్పుడే కద నీ చేతులు పైలంగ ఉండవల్సింది. పట్టు ముట్టేటి చేతులాయె" అన్నది. మరి నీకో అన్నాను. "నా చేతులకు మంట తెల్వదు బిడ్డా" అన్నది. చిన్నప్పటి నుంచి వింటున్న మాటే. ఆ రోజు మాత్రం నమ్మలేదు.

ఆ రాత్రి గ్లౌజులు లోపలివైపు తిప్పి, సబ్బు అరిగిపోయేదాకా కడిగి, ఆరబెట్టి, ఆమె సంచిలో టిఫిన్ డబ్బా కింద పెట్టాను. మర్నాడు దుకాణానికి పోయి చూస్తే నా సంచిలో ఉన్నాయి. మళ్లీ ఆమె సంచిలో పెట్టాను, మళ్లీ నా సంచిలోకే వచ్చాయి. దాని గురించి ఇద్దరం ఒక్క మాట అనుకోలేదు. మిర్చి సీజన్ అయిపోయేదాకా ఆ గ్లౌజులు ఎవరి చేతికీ ఎక్కకుండా రెండు సంచుల మధ్య తిరిగి తిరిగి, ఎండాకాలానికి రబ్బరు పగిలి పోయాయి. ఇప్పుడు అమ్మ లేదు. నేనూ ఆనాటి అమ్మ వయసుకొచ్చాను. రోజూ పొద్దున్నే సంచి సర్దుకుని, గెలిచినట్టు మొహం పెట్టి బయల్దేరిన ఆ పిల్లను తలచుకుంటే నవ్వొస్తుంది. ఎంత మొండిదో. అమ్మ అంతకంటే మొండిది. ఇద్దరిలో ఒకరమైనా తొడుక్కుని ఉంటే బాగుండేది.