జొన్నచేనులో వేలాడిన పెళ్ళి డీవీడీ

నా పేరు మడకం లచ్చమ్మ. డెబ్బై దాటాయి. కిష్టారంలో కొడుకు, కోడలితో ఉంటున్నాను. చనిపోయిన మా ఆయన కదులుతూ నవ్వేది మా అమ్మాయి పెళ్ళి డీవీడీలో ఒక్కచోటే. వెనక్కి తిప్పితే మళ్ళీ నవ్వేవాడు. ఈ రోజు చూస్తే అది జొన్నచేనులో దారానికి వేలాడుతోంది. చిలకలు బెదురుతాయని కోడలు కట్టిందట.

"పాత ప్లేటే గదత్తా. ఫోన్ల మస్తు సినిమాలున్నయ్, సూడు."

"అండ్ల మీ మామ ఉన్నడా?"

ఇంటికి తెచ్చి, తుడిచి ప్లేయర్లో పెట్టించాను. పెళ్ళంతా కదిలింది. ఆయన నవ్వే చోటికి రాగానే బొమ్మ గళ్ళుగళ్ళుగా ఆగిపోయింది. అది చేనులో వేలాడినంతసేపూ చిలకలేమో దాని పక్కనే కూర్చుని కంకులు తిన్నాయి. కోడలితో మాట మానేశాను. తప్పంటారా?

ఇది నా వేలిముద్ర. సాక్షులు: రాసిపెట్టిన మనవరాలు సుక్కి, పక్కింటి ఎర్రయ్య. కోడలి సాక్ష్యం నాకక్కర్లేదు.