ముందు పిల్లికి అన్నం

టార్నీట్ వెళ్ళే రైల్లో నా పక్కన కూర్చున్న తెలుగు ఆంటీ ఫోన్‌లో జపాన్ యానిమే కార్టూన్ సిరీస్ చూస్తున్నారు. ఎపిసోడ్‌కో హత్య, దాన్ని ఛేదించే ఒక వింత స్కూలు పిల్ల. తొంగిచూస్తున్న నేను ఆగలేక అనేశాను.

"హంతకుడు ఆ వంటవాడే ఆంటీ."

"మొదటి సీన్‌లోనే తెలిసింది బాబూ. మిస్టరీ చాలా వీక్. ప్రతి హంతకుడింట్లోనూ ఓ పిల్లి, అదో చోద్యం. ఇది చూస్తానని మా పిల్లలు నవ్వుతారు. నవ్వనీ! హంతకుడి పేరు బయటపెట్టేముందు ఈ పిల్ల ఆ పిల్లికి అన్నం పెడుతుంది. రేపట్నుంచి దాన్నెవరు చూస్తారు మరి? నాకది చాలు."

ఇయర్‌ఫోన్ మళ్ళీ చెవిలో పెట్టేసుకున్నారు.

ఇప్పుడు ఆ సిరీస్ నేనూ చూస్తున్నాను. మా ఆవిడ వంటింట్లోంచే హంతకుడెవరో చెప్పేసి, ఇంకా ఎందుకు చూడటమని విసుక్కుంటుంది.

"ఆగు," అంటాను. "పిల్లి ఇంకా తినలేదు."